మూడొందల ఏళ్ల డైరీ, ఎనిమిది ఫిరంగులు: పాత కోట ఆచూకీ ఎలా దొరుకుతుంది?

పోయిన సంచికలో టెక్సాస్ తీరాన ఫ్రెంచివాళ్లు కట్టుకున్న ఫోర్ట్ సెయింట్ లూయిస్ అనే సరిహద్దు కోట మూడు వందల ఏళ్ల తర్వాత దొరికిందని నాలుగు వాక్యాలు రాశాను. వచ్చిన ఉత్తరాలు చూస్తే ఆ నాలుగు వాక్యాలూ ఎవరికీ సరిపోలేదని అర్థమైంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక మాట చెప్పాలి. నేను చరిత్ర ప్రొఫెసర్ని కాను. ముప్పై ఏళ్లపాటు తవ్వకాల దగ్గర కూర్చుని మట్టి పొరల బొమ్మలు గీసిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. నా జవాబులు ఎక్కువగా నేల వైపు నుంచే వస్తాయి.

ప్రశ్న: మేడమ్ గారూ, ఒక స్పానిష్ అధికారి 1689లో రాసుకున్న డైరీ పట్టుకుని కోట జాగా కనిపెట్టారని రాశారు. ఆ రోజుల్లో సరైన మ్యాపులే లేవు. గుర్రం మీద పోతూ ‘ఇవాళ ఇన్ని లీగులు నడిచాం’ అని వేసుకున్న లెక్కను ఇప్పటి నేల మీద ఎలా పెడతారు? అది ఆ కోటే అని అంత గట్టిగా ఎలా చెప్పగలరు? (ఒక ఎం.ఏ. హిస్టరీ విద్యార్థి)

జవాబు: ముందు కథ కొంచెం తెలియాలి. లా సాల్ అనే ఫ్రెంచి అన్వేషకుడు 1682లో మిసిసిపి నది వెంట సముద్రం దాకా దిగి, ఆ లోయంతా తమ రాజు పద్నాలుగో లూయీదేనని ప్రకటించాడు. నది సముద్రంలో కలిసే చోట ఒక వలస ఊరు పెట్టాలని 1684లో నాలుగు ఓడల్లో, దాదాపు 300 మందితో ఫ్రాన్సు నుంచి బయల్దేరాడు. తీరా సముద్రం వైపు నుంచి వచ్చేసరికి ఆ నదే దొరకలేదు. దాన్ని దాటేసి వందల కిలోమీటర్లు పడమటికి వెళ్లి, ఇప్పటి టెక్సాస్‌లోని మటగోర్డా అఖాతం దగ్గర దిగారు. ఓడల్లో ఒకదాన్ని దారిలోనే స్పానిష్‌వాళ్లు పట్టుకున్నారు. ఒకటి అఖాతంలోకి వస్తూ మేట వేసిన ఇసుకలో కూరుకుపోయింది. ఒకటి ఫ్రాన్సుకు తిరిగి వెళ్లిపోయింది. మిగిలిన ‘లా బెల్’ 1686లో అఖాతంలోనే మునిగింది.

ఇక తిరిగి వెళ్లే దారి లేదు. 1687 మార్చిలో లా సాల్‌ను సొంత మనుషులే చంపేశారు. కోటలో రోగాలకూ ఆకలికీ పోగా మిగిలినవాళ్లు ఇరవై మందికి కాస్త అటూ ఇటూ. అక్కడి కారంకవా ప్రజలకూ వీళ్లకూ మొదటి నుంచీ పగ ఉంది. ఫ్రెంచివాళ్లు దిగిన కొత్తలోనే వాళ్ల పడవలు అడగకుండా తీసుకోవడంతో మొదలైన పగ అది. 1688 చివర్లో కారంకవాలు కోట మీద పడ్డారు. పిల్లల్ని కొందరిని మాత్రం చంపకుండా తమతో తీసుకెళ్లి పెంచుకున్నారు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఈ కోట విషయంలో మన అదృష్టం ఏమిటంటే, ఒకరితో ఒకరికి పని లేని మనుషులు దీని గురించి విడివిడిగా రాశారు. లా సాల్ వెంట వచ్చిన జూటెల్ కోటలో బతికినవాడు, ప్రాణాలతో ఫ్రాన్సు చేరి రాశాడు. ఫ్రెంచివాళ్లను వెతికి పట్టుకోవాలని వచ్చిన స్పానిష్ అధికారి అలోన్సో దె లెయోన్ రోజువారీ డైరీ రాశాడు. మరుసటి ఏడాది ఓడలో వచ్చిన స్పానిష్ బృందం అఖాతాన్నీ వాగుల్నీ సర్వే చేసి పటం గీసింది. స్థానిక తెగల దగ్గర పెరిగిన తలోన్ సోదరుల్ని 1698లో ఫ్రెంచి అధికారులు ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నారు. శత్రువూ మిత్రుడూ చిన్నపిల్లలూ ఒకే చోటు గురించి చెబుతున్నారంటే అక్కడ పట్టు దొరుకుతుంది.

మీరడిగిన లీగుల లెక్కకు వద్దాం. ఒక స్పానిష్ లీగు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. కానీ గొలుసు పట్టి కొలిచిన దూరం కాదది. పొద్దున బయల్దేరి ఎండ నడినెత్తికి వచ్చేదాకా నడిస్తే ఇన్ని లీగులు అయ్యుంటుందని వేసిన అంచనా. వాగు అడ్డొస్తే చుట్టూ తిరుగుతారు, ఆ చుట్టూ కలిసే లెక్క. డైరీ ఇంగ్లిష్ అనువాదం ముందు పెట్టుకుని నేనోసారి గ్రాఫ్ పేపర్ మీద ఆ ప్రయాణాన్ని రోజుకో గీత చొప్పున గీశాను. పెన్సిల్ చివరికి ఎక్కడో నేల మీద తేలింది గానీ, దాన్ని మ్యాపు మీద పెడితే నమ్మబుద్ధి కాలేదు. ఒక్కో రోజు చిన్న తప్పు, నెల రోజులకు పెద్ద తప్పు. అందుకని ఆ గీతను నదుల దగ్గర ‘ముడి’ వేయాలి. ఫలానా రోజు పెద్ద నది దాటాం, దాని గట్టు మీద ఫలానా చెట్లున్నాయి అని రాస్తే, ఆ నది ఏదో తేల్చుకుని గీతను అక్కడికి జరపాలి. అక్కడి నుంచి లెక్క మళ్లీ మొదలు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. పేర్లు నదుల్ని అంటిపెట్టుకుని ఉండవు. వందేళ్లలో ఒక నది పేరు పక్క నదికి పోతుంది.

అంకెల కంటే వర్ణనను నమ్మాలని నాకు నేర్పింది జూటెల్. తాము దాదాపు 27వ డిగ్రీ అక్షాంశం మీద ఉన్నామని ఆయన రాశాడు. ఇప్పుడు దొరికిన చోటు 28న్నర డిగ్రీలు దాటి ఉంది. ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. ఆ అంకె పట్టుకుని వెళ్తే కోటకు దాదాపు 200 కిలోమీటర్లు దక్షిణాన తవ్వుతూ కూర్చుంటాం. కానీ అదే వాక్యంలో ఆయన ఇంకా కొన్ని మాటలు రాశాడు. అఖాతం నుంచి రెండు లీగులు లోపలికి, అడవి దున్నల పేరు పెట్టుకున్న ఒక ఏటి గట్టున, చిన్న మిట్ట మీద ఉన్నాం, అక్కడి నుంచి పడమటికి చూస్తే కంటికి ఆనినంత మేరా పచ్చిక మైదానం అని. ఇవి పరికరంతో కొలిచినవి కావు, రోజూ గుమ్మంలో నిలబడి చూసినవి. వాటిలో తప్పు జరగడం కష్టం.

దె లెయోన్ కూడా అంతే. 1689 ఏప్రిల్ 22న ఆ చోటికి చేరి, కంటబడినదల్లా రాశాడు. ఓడ కలపతో కట్టిన పెద్ద ఇల్లొకటి, పక్కనే పూజలు చేసుకునే గది, కర్రలు పాతి లోపలా బయటా మట్టి మెత్తిన ఇళ్లు ఐదు, వాటి కప్పుల మీద దున్న తోళ్లు. చిరిగి వాన నీళ్లలో నానుతున్న పుస్తకాలు రెండు వందలకు పైగా. మైదానంలో మూడు శవాలు, ఎముకలకు ఇంకా అంటుకుని ఉన్న బట్టను బట్టి వాటిలో ఒకటి ఆడమనిషిదని గుర్తించారు. ఇనప ఫిరంగులు ఎనిమిది. ఈ కట్టడాలేవీ రక్షణకు పనికిరావని కూడా ఆయన రాశాడు. ఈ మాట నాకు చాలా ముఖ్యం. కోట అనగానే మనం గోడల కోసం, బురుజుల కోసం వెతుకుతాం. ఇక్కడ వెతకాల్సింది మట్టి మెత్తిన గుడిసెల ఆనవాళ్లు.

ఫిరంగులు మోసుకుపోవడం కష్టం కాబట్టి స్పానిష్‌వాళ్లు వాటిని అక్కడే పాతిపెట్టారు. ఈ ఎనిమిది అనే అంకెను గుర్తుపెట్టుకోండి.

1914లో హెర్బర్ట్ బోల్టన్ అనే చరిత్రకారుడు ఈ స్పానిష్ కాగితాలన్నీ చదువుకుని, గార్సిటాస్ వాగు గట్టున ఒక పశువుల ర్యాంచ్‌లోకి వెళ్లి, కోట ఉన్నది ఇక్కడే అన్నాడు. అందరూ ఒప్పుకోలేదు. పక్కనున్న లవాకా నది గట్టునే కోట ఉండేదని వాదించేవాళ్లు చాలాకాలం ఉన్నారు. పైగా ఇంకో పేచీ ఉంది. ఫ్రెంచివాళ్లు మళ్లీ రాకూడదని స్పానిష్‌వాళ్లు సరిగ్గా అదే జాగాలో 1722లో తమ సైనిక కోట కట్టారు. కొన్నేళ్లకే దాన్ని వేరే చోటికి మార్చుకున్నారు గానీ, నేలలో మాత్రం రెండు కోటలూ కలిసిపోయాయి. 1950లో అక్కడ తవ్విన టెక్సాస్ మ్యూజియం వాళ్లకు దొరికిన సామాన్లలో స్పానిష్‌వే ఎక్కువ. మరి ఇది ఒట్టి స్పానిష్ కోట కాదని ఎలా చెప్పడం?

ఇక్కడే నాకెంతో గౌరవమున్న మనిషి వస్తారు. క్యాథ్లీన్ గిల్మోర్. ఆమె కొత్తగా తవ్వలేదు. 1950 తవ్వకంలో వచ్చి డబ్బాల్లో పడున్న పెంకుల్ని మళ్లీ తీసి, ఒక్కొక్కటే చూసి, వాటిలో ఫ్రాన్సులోని సెంటాంజ్ ప్రాంతపు ఆకుపచ్చ గ్లేజు కుండల ముక్కల్ని వేరుచేశారు. స్పానిష్ సిపాయిలు వాడే పాత్రలు కావవి. 1973లో నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక పేరులోనే ‘బహుశా లా సాల్ కోట జాగా’ అన్న అర్థం వచ్చే మాట పెట్టుకున్నారు. సాక్ష్యం ఎంతవరకు మోస్తుందో అంతవరకే బరువు పెట్టడం అంటే అది. ఆ ‘బహుశా’ను చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ మాటను చెరిపేసింది 1996. ర్యాంచ్‌లో పనిచేసే మనిషి మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుంటే అది మోగింది. కబురు అందుకున్న టెక్సాస్ చారిత్రక సంఘం వాళ్లు వచ్చి తవ్వితే ఇనప ఫిరంగులు బయటపడ్డాయి. లెక్కపెడితే ఎనిమిది. డైరీలో ఎనిమిది, గోతిలో ఎనిమిది. దీనికి ఏడాది ముందే ‘లా బెల్’ ఓడను కూడా అఖాతం అడుగున కనిపెట్టారు. 1999 నుంచి 2002 దాకా కోట జాగాను పూర్తిగా తవ్వారు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. ఒక్క డైరీ చాలదు, ఒక్క పెంకూ చాలదు. ఫ్రెంచి కుండ వ్యాపారంలో ఎక్కడికైనా పోవచ్చు. మిట్ట, వాగు, అఖాతం దూరం, పైన స్పానిష్ కోట, అడుగున ఫ్రెంచి పెంకులు, పాతిపెట్టిన ఎనిమిది ఫిరంగులు ఇవన్నీ ఒకే చోట కలవాలంటే ఆ చోటు ఇంకోటి ఉండదు.

ప్రశ్న: కోట రూపం ఎలా ఉండేదో పాత సర్వేల్లో ఉన్నప్పుడు తవ్వకం దేనికండీ? ఆ కొలతలతో కట్టేస్తే పోలేదా? (రిటైరైన ఇంజనీరు)

జవాబు: సరిగ్గా అలాగే కట్టి, ఇరవై ఏళ్లకు పీకేసిన కోట ఒకటి ఉందండీ. పెన్సిల్వేనియాలోని ఫోర్ట్ నెసెసిటీ. జార్జి వాషింగ్టన్ ఇరవై రెండేళ్ల కుర్రవాడిగా ఉన్నప్పుడు గ్రేట్ మెడోస్ అనే పచ్చిక బయల్లో హడావుడిగా కట్టించిన కోట అది. 1754 జులై 3న జోరువానలో పోరాడి, రాత్రికి ఫ్రెంచివాళ్లకు లొంగిపోయాడు. వాళ్లు కోటను తగలబెట్టారు.

1816లో ఒక సర్వేయరు వచ్చి నేల మీద కనిపించిన మట్టి కట్టల్ని కొలిచి, కోట త్రికోణం అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు కాదు, నాలుగు పలకలది అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అందరూ టేపు పెట్టే కొలిచారు. 1932లో వాషింగ్టన్ ద్విశతాబ్ది ఉత్సవాలకు ఆ మట్టి కట్టల గీత వెంబడే గుంజలు పాతి పెద్ద కోటను నిలబెట్టారు.

1952లో జె.సి. హ్యారింగ్టన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వడం మొదలుపెట్టారు. కట్టల లోపలి వైపు, తడి నేలలో అసలు గుంజల మొదళ్లు కనిపించాయి. అవి వరసగా పోతూ వంపు తిరిగాయి. వంపును పట్టుకుని పోతే పూర్తి వృత్తం. అడ్డకొలత 53 అడుగులు, అంతే. సర్వేయర్లు కొలిచినవి కోట గోడలు కావు, సైనికులు బయట తవ్వుకున్న కందకాల గట్లు. ఆ యుద్ధంలో ఉన్న జాన్ షా అనే సైనికుడు 1754లోనే ఇచ్చిన వాంగ్మూలంలో ‘చిన్న గుండ్రటి కోట’ అని చెప్పి ఉన్నాడు. సామాన్య సిపాయి మాటకు రెండు వందల ఏళ్ల తర్వాత గుంజలు సాక్ష్యం పలికాయి. 1954లో గుండ్రంగా మళ్లీ కట్టారు.

మట్టిలో గుంజ ఎలా కనిపిస్తుందని మీకు అనుమానం రావచ్చు. నా పని అదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎండ ఏటవాలుగా ఉండే పొద్దుటి వేళ, తాపీ అంచుతో నేలను కాగితమంత పల్చగా చెక్కుతాం. గీకిన నేల మీద చేతి స్ప్రేయరుతో నీళ్లు చిలకరిస్తాం. ఎండిన మట్టి అంతా ఒకే రంగు, తడి తగిలిందో లేదో రంగులు విడిపోతాయి. పచ్చటి మట్టిలో జానెడు వెడల్పున నల్లటి గుండ్రటి మచ్చ తేలుతుంది. దాని చుట్టూ గచ్చకాయ రంగూ పసుపూ కలగలిసిన ఇంకో పెద్ద వలయం. లోపలి నలుపు గుంజ కుళ్లిన చోటు. బయటి వలయం దాన్ని పాతడానికి తవ్విన గొయ్యి. అది ఆరేలోపు నేను మన్సెల్ పుస్తకం (మట్టి రంగులకు నంబర్లు వేసిన నమూనాల పుస్తకం) పక్కన పెట్టి రంగు నంబరు రాసుకుని, గ్రాఫ్ పేపర్ మీద దాని అంచు గీసేయాలి. పది నిమిషాల్లో మళ్లీ అంతా ఒకే రంగైపోతుంది.

ఆ తర్వాత మచ్చను సగానికి కోస్తాం. ఎలుక బొరియ అయితే లోపలికి పోయేకొద్దీ పక్కకు తిరుగుతుంది. చెట్టు వేరైతే సన్నబడి కొమ్మలవుతుంది. గుంజ మాత్రం నిటారుగా దిగి, ఒకచోట ఆగిపోతుంది. ఒక మనిషి ఫలానా లోతు చాలనుకుని ఆపిన చోటు అది. ఎన్నిసార్లు చూసినా అక్కడ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

ప్రశ్న: ఇప్పుడు డ్రోన్లు, శాటిలైట్లు, భూమిలోకి చూసే రాడార్లు వచ్చాయి కదా మేడమ్. ఇంకా తాపీలు, బ్రష్షులు దేనికి? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: ఎక్కడ తవ్వాలో చెప్పడానికి వాటికి మించినవి లేవు. అలాస్కాలోని సిట్కా దగ్గర 1804లో ట్లింగిట్ ప్రజలు రష్యన్లను ఎదిరించి నిలబడిన కోట జాగా కోసం వందేళ్లుగా వాదనలు నడిచాయి. అక్కడి నేలను రాడార్‌తోనూ విద్యుదయస్కాంత పరికరంతోనూ దువ్వినట్టు స్కాన్ చేశారు. అప్పటి రష్యన్ నౌకాధికారి లిసియాన్‌స్కీ గీసుకున్న కోట బొమ్మకు సరిపోయే ఆకారం నేల కింద తేలింది. 2021లో ప్రకటించారు. ఒక్క గొయ్యి తవ్వకుండా ఆ పని జరిగింది. ట్లింగిట్ ప్రజలకు అది తమవాళ్లు రక్తం చిందించిన నేల, కాబట్టి తవ్వకుండా తెలుసుకోవడమే మర్యాద కూడా.

అయితే కొత్త ఫొటో కంటే పాత ఫొటోయే మేలైన సందర్భాలున్నాయి. సిరియా ఎడారి అంచున రోమన్ సరిహద్దు కోటల్ని ప్వాదబార్ అనే ఫ్రెంచి మతగురువు విమానంలోంచి ఫొటోలు తీసి, 1934లో 116 కోటల లెక్క ఇచ్చారు. అవి ఉత్తరం నుంచి దక్షిణానికి గోడలా ఉన్నాయని, తూర్పు శత్రువుల్ని ఆపడానికే కట్టారని అందరూ అనుకున్నారు. 2023లో పరిశోధకులు 1960ల నుంచి 80ల దాకా అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫొటోలు చూస్తే, కోటల్లాంటి కట్టడాలు ఇంకో 396 కనిపించాయి. అవి గోడలా లేవు, తూర్పు పడమరలుగా పరుచుకుని ఉన్నాయి. అంటే దారుల వెంట బిడారులకు కాపలాగా, మజిలీలుగా కూడా ఉండి ఉండొచ్చు. వాటిలో చాలా వాటిని ఇవాళ్టి శాటిలైట్ చూడలేదు. ఆ తర్వాతి కాలంలో పొలాలు దున్నేశారు, రిజర్వాయర్లు కట్టేశారు.

కానీ ఫొటోలో చదరంగా కనిపించిందల్లా కోట కాదు, కోటే అయినా ఏ శతాబ్దానిదో ఫొటో చెప్పదు. పెంకు చెబుతుంది, నాణెం చెబుతుంది, బొగ్గు చెబుతుంది. వాటి కోసం మోకాళ్ల మీద కూర్చోక తప్పదు.

ప్రశ్న: కోపం తెచ్చుకోకండి. పది మంది పండితులు పదేళ్లు తవ్వి నాలుగు మేకులూ రెండు పెంకులూ తీయడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కాదా? (ఒక పాఠకురాలు)

జవాబు: కోపం దేనికమ్మా, మా ఇంట్లోవాళ్లూ ఇదే అడిగేవారు. ముందు మీ వాదనకు బలమిచ్చే ఉదాహరణ నేనే చెబుతాను. అమెరికా పడమటి తీరం దాకా దారి వెతుకుతూ వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందం 1805 డిసెంబరు నుంచి 1806 మార్చి దాకా ఒరెగాన్‌లో ఫోర్ట్ క్లాట్సాప్ అనే చెక్క కోటలో ఉంది. క్లార్క్ దాని ప్లాను గీశాడు, 50 అడుగుల చదరం. డైరీలు బోలెడు. 1948 నుంచి ఎన్నోసార్లు వెతికారు. ఇదే ఆ చోటు అని ఖాయంగా చెప్పే ఆనవాలు దొరకలేదు. తడి నేల, చెక్క కట్టడం, మూడు నెలల కాపురం. దొరక్కపోవడం కూడా జరుగుతుంది.

కానీ అదే బృందం మోంటానాలో ఆగిన ట్రావెలర్స్ రెస్ట్ అనే మకాం ఎలా దొరికిందో చూడండి. వాళ్లు ఏ జబ్బు చేసినా పాదరసం కలిసిన మాత్రలు మింగేవారు. పాదరసం ఒంటికి పూర్తిగా పట్టదు, మట్టిలోంచీ తొందరగా పోదు. 2002లో అక్కడ తవ్వినవాళ్లకు మరుగుదొడ్డి గొయ్యిలో పాదరసం జాడ దొరికింది. అప్పటిదాకా గుర్తు పెట్టుకున్న చోటు కాదు, అక్కడికి రెండు కిలోమీటర్ల పైన దూరంలో. ఇన్ని సంపుటాల డైరీలు తేల్చలేని చిరునామాను కడుపునొప్పి మాత్రలు తేల్చాయి.

ఇక ఎలుక కాదు, ఏనుగు దొరికిన సంగతి ఒకటి. నార్త్ కరోలినాలో మోర్గంటన్ దగ్గర బెర్రీ సైట్ అనే పొలం ఉంది. 1567లో హువాన్ పార్దో అనే స్పానిష్ కెప్టెన్ లోపలి కొండల్లోకి వెళ్లి, జోరా అనే స్థానికుల ఊరి పక్కన ఫోర్ట్ సాన్ హువాన్ కట్టి, ముప్పై మందిని కాపలా పెట్టాడు. 1568లో స్థానికులు ఆ కోటతో సహా ఆయన కట్టించిన ఆరు కోటల్నీ నాశనం చేశారు. ఆయన ప్రయాణం సంగతులు ఆయన లేఖకుడి కాగితాల్లో ఉన్నాయి. కానీ ఆ జోరా ఎక్కడ? స్థానిక పెంకుల మధ్య స్పానిష్ పెంకులు, కాలిన ఇళ్లు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా బయటపడి, చివరికి 2013లో కోట కందకం దొరికింది. ఇంగ్లిష్‌వాళ్లు జేమ్స్‌టౌన్‌లో దిగడానికి నలభై ఏళ్ల ముందు స్పెయిన్ ఆ ఖండం లోపల కాలు పెట్టిందని, అక్కడివాళ్లు దాన్ని వెళ్లగొట్టారని ఆ కందకం చూపిస్తోంది. కాగితం రాసింది స్పానిష్‌వాడు. గెలిచినవాళ్లు ఏమీ రాయలేదు. వాళ్ల పొయ్యిలూ కుండలూ తిండిగింజలూ నేలలోనే ఉన్నాయి. వాళ్ల మాట వినడానికి ఇంకో దారి నాకు తెలియదమ్మా.

ప్రశ్న: నా దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. పాత గడీ దిబ్బ అని పిలిచే చోట ఇనప గుండు ఒకటి, మేకులు కొన్ని తీశాను. కడిగి, తుప్పు గీకి పెట్టాను. ఇవి ఏ కాలానివో చెప్పగలరా? (పేరు రాయొద్దన్న పాఠకుడు)

జవాబు: మీ ఉత్సాహం నాకు అర్థమైంది, అందుకే ఉన్నమాట చెబుతాను. దయచేసి ఇంకొకటి తీయకండి. నేను పనిచేసిన ఒక చోట మేం వెళ్లేసరికే ఎవరో మేకులన్నీ ఏరుకుపోయారు. మేకుకు విలువేముంది అనుకుంటాం. కానీ కాలిపోయిన తలుపు మేకులు పడిన చోటే పడి ఉంటే, కలప పూర్తిగా బూడిదైపోయినా తలుపు ఎక్కడుండేదో, ఎంత వెడల్పో నేను గీయగలిగేదాన్ని. ఖాళీ గుంతలు గీసుకుని వచ్చాను. ఆ తలుపు ఇక ఎప్పటికీ తెలియదు. ఇన్నేళ్లయినా ఆ బాధ పోలేదు.

టెక్సాస్‌లో ఫిరంగులు దొరికింది కూడా మెటల్ డిటెక్టర్‌కే. తేడా ఏమిటంటే, పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి గొయ్యిని గొయ్యిలా చూడగలిగారు. మీరూ ఇప్పుడు చేయగలిగింది చాలా ఉంది. తుప్పు ఇంక గీకకండి, నీళ్లు తగలనివ్వకండి. ఒక్కో వస్తువు ఎక్కడ తీశారో, ఎంత లోతులో ఉందో, పక్కన నల్ల మట్టి గానీ బొగ్గు గానీ ఉందేమో మరిచిపోకముందే ఇవాళే రాసిపెట్టండి. ఆ చోట్లకు వెళ్లి ఫోన్‌లో లొకేషన్ తీసుకోండి. ఆ కాగితంతో పాటు వస్తువుల్ని పురావస్తు శాఖవాళ్లకు చూపించండి. గుండు ఏ కాలానిదో ఉత్తరం చదివి చెప్పలేను. దాని చుట్టుకొలత, బరువు రాసి, పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫొటో తీసి పంపండి. అచ్చు కలిసిన చోట గీత కనిపిస్తోందేమో కూడా చూసి రాయండి.